విశాఖ ముందు రెండు సబ్‌మెరైన్లు: శిథిలాన్ని గుర్తుపట్టే పట్టిక, ప్రాజెక్టు డైరీ

విశాఖపట్నం ఎదురుగా సముద్రం అడుగున రెండు యుద్ధాల సబ్‌మెరైన్లు ఉన్నాయి. ఒకటి జపాన్ నౌకాదళపు ఆర్‌ఓ-110, 1944 ఫిబ్రవరి 11న మునిగింది. రెండోది పాకిస్తాన్ నౌకాదళపు ఘాజీ, 1971 డిసెంబర్ 3-4 రాత్రి మునిగింది. భారత నౌకాదళం మునిగిన సబ్‌మెరైన్ల సిబ్బందిని కాపాడే తన వాహనం డీఎస్‌ఆర్‌వీతో ఘాజీ శిథిలాన్ని గుర్తించిందని 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి. ఆ సందర్భంలోనే చాలామంది ఆర్‌ఓ-110 పేరు మొదటిసారి విన్నారు.

మేం పెట్టుకున్న పని చిన్నది. సోనార్ (ధ్వనితో సముద్రపు అడుగును చూసే పరికరం) చిత్రంలో సబ్‌మెరైన్ ఆకారం ఒకటి కనిపిస్తే అది ఈ రెండింట్లో ఏదో తేల్చగలిగే ఒక్క పేజీ పట్టిక తయారు చేయాలి. దాన్ని పరీక్షించడానికి 1:200 కొలతలో రెండు నమూనాలు చేయాలి. పనంతా బల్ల మీదే, సముద్రంలో దిగేది ఏమీ లేదు. ఆర్‌ఓ-110లో 47 మంది, ఘాజీలో 90 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అవి సమాధులు. ఏ వస్తువూ తియ్యకుండా, లోపలికి పోకుండా, పైనుంచి చూసి చెప్పగలిగే గుర్తులకే ఈ పట్టికలో చోటు.

1వ వారం: కాగితాలు

ముందు కొలతలు. ఘాజీ అసలు పేరు డయాబ్లో. అమెరికాలో పోర్ట్‌స్మత్ నౌకా నిర్మాణశాలలో కట్టిన టెంచ్ తరగతి పడవ, 1945 మార్చి 31న సేవలో చేరింది, 1964 జూన్ 1న పాకిస్తాన్ చేతికి వచ్చింది. పొడవు 95 మీటర్లు, వెడల్పు 8.3 మీటర్లు, టార్పెడో గొట్టాలు ముందు 6, వెనక 4. ఆర్‌ఓ-110ని కోబెలోని కవసాకి సంస్థ కట్టింది. తీరప్రాంతపు పనికి రూపొందించిన చిన్న రకం అది. పొడవు 60.9 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, గొట్టాలు ముందు 4, వెనక ఒక్కటీ లేదు.

పొడవుల్లో 34 మీటర్ల తేడా ఉంది కదా, టేపుతో కొలిస్తే సరిపోదా అని మొదట అనిపిస్తుంది. సరిపోదు. మిగతా డైరీ అంతా దాదాపు దాని గురించే.

కంటికి కొలత అలవాటు కావాలంటే విశాఖ ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది. దాని పొడవు 91.3 మీటర్లు. ఘాజీ అంతకన్నా నాలుగు మీటర్లు పెద్దది. ఆర్‌ఓ-110 అందులో సరిగ్గా మూడింట రెండు వంతులు. కురుసుర అమరం నుంచి మొదలుపెట్టి 60 పెద్ద అంగలు వేసి ఆగిన చోట వెనక్కి తిరిగి చూస్తే ఆ చిన్న పడవ ఎంతుండేదో తెలుస్తుంది. (పడవ ముందు కొసను జాలర్లు అణియం అంటారు, వెనక కొసను అమరం అంటారు. ఇక ముందు ఇవే మాటలు వాడుతున్నాం. ‘ముందు’, ‘వెనక’ అని రాస్తే సోనార్ చిత్రంలో ఎటు ముందో, ఎటు వెనకో గందరగోళం అవుతోంది.)

తేదీలూ సమయాల పట్టికలో మొదటి చిక్కు వచ్చింది. ఘాజీ పేలుడు విశాఖలో వినిపించింది 4వ తేదీ అర్ధరాత్రి దాటి సుమారు 15 నిమిషాలకు. పాకిస్తాన్ గడియారం మనకన్నా అరగంట వెనక, కాబట్టి అక్కడ ఇంకా 3వ తేదీ రాత్రి 11:45. గ్రీన్విచ్ లెక్కలో 3వ తేదీ సాయంత్రం 6:45. ఒకే క్షణానికి మూడు కాగితాల్లో మూడు సమయాలు, రెండు తేదీలు. ఆర్‌ఓ-110 విషయంలో ఇంకా ముదురు చిక్కు: 1944లో భారతదేశం యుద్ధకాలపు సమయం పాటించింది, గ్రీన్విచ్‌కు ఆరున్నర గంటలు ముందు, ఇప్పటిలా ఐదున్నర కాదు. జపాన్ నౌకాదళం ఎక్కడున్నా టోక్యో సమయమే రాసుకునేది, తొమ్మిది గంటలు ముందు. అందుకే పట్టికలో సమయానికి మూడు గడులు పెట్టాం: కాగితంలో ఉన్నది ఉన్నట్టు, ఏ గడియారం ప్రకారం, గ్రీన్విచ్‌లోకి మార్చినది. మొదటి గడిని ఎవరూ దిద్దకూడదు.

ఈ నియమం ఊరికే పెట్టుకున్నది కాదు. అమెరికా సబ్‌మెరైన్ గ్రేబ్యాక్ ఒకినావాకు దక్షిణంగా 2019లో దొరికింది. యుద్ధం ముగిసిన తర్వాత జపాన్ రికార్డును అనువదించేటప్పుడు రేఖాంశంలో ఒక్క అంకె తప్పుగా దిగింది. దాంతో 160 కిలోమీటర్లకు పైగా దూరంలో పడవ మునిగిందని దశాబ్దాల పాటు నమ్మారు. మూల రికార్డును మళ్లీ చదివిన పరిశోధకుడి కంట పడేదాకా ఆ తప్పు అలాగే ఉండిపోయింది.

స్థానాల గడి కూడా అంతే. డిగ్రీలు, నిమిషాల వరకే రాసిన స్థానం చుక్క కాదు, పెట్టె. 17½ డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక నిమిషం ఉత్తర-దక్షిణంగా 1,852 మీటర్లు, తూర్పు-పడమరగా సుమారు 1,766 మీటర్లు. అంటే స్థానం కచ్చితంగా తెలిసి రాసినా వెతకాల్సిన చోటు దాదాపు 1.85 × 1.77 కిలోమీటర్లు. డెప్త్ ఛార్జీలు (నీటి అడుగున పేలే బాంబులు) వేస్తూ గిరగిరా తిరుగుతున్న ఓడ లెక్కగట్టిన స్థానంలో పొరపాటు దీనికి అదనం. మ్యాపులో చుక్క పెట్టడం మానేసి పెట్టె గీస్తున్నాం.

2వ వారం: ఏ సంవత్సరపు డ్రాయింగ్?

టెంచ్ తరగతి డ్రాయింగులు తేలిగ్గా దొరుకుతాయి. చిక్కేమిటంటే అవి చాలావరకు 1945 నాటివి: డెక్కు మీద తుపాకీ, పైన తెరిచి ఉన్న వంతెన, దాని చుట్టూ కటకటాలు. విశాఖ దగ్గర మునిగింది ఆ రూపం కాదు. డయాబ్లో పాకిస్తాన్‌కు వచ్చేలోపే ఫ్లీట్ స్నార్కెల్ మార్పు పొందింది. డెక్కు తుపాకులు తీసేశారు, నీటి అడుగున ఉండగానే డీజిల్ నడపడానికి గాలి గొట్టం అమర్చారు, కానింగ్ టవర్ (డెక్కు మీద ఎత్తుగా లేచే గది) చుట్టూ నున్నటి రేకు తొడుగు వేశారు. 1945 బొమ్మ పక్కన పెట్టుకుని సోనార్ చిత్రం చూస్తే ‘తుపాకీ లేదు కాబట్టి ఇది ఘాజీ కాదు’ అనే తప్పు నిర్ణయానికి వస్తాం. పట్టికలో ప్రతి గుర్తు పక్కనా ‘మునిగిన రోజు నాటికి’ అన్న గడి చేర్చాం.

ఒకే తరగతి పడవల్లో ఏది ఏదో కొలతలు చెప్పలేవు. ఆర్‌ఓ-110 తోబుట్టువులు మొత్తం 18. అక్కడ పనికొచ్చేది ఏరివేత. ఆర్‌ఓ-112, ఆర్‌ఓ-113లను 1945 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ దగ్గర అమెరికా సబ్‌మెరైన్ బ్యాట్‌ఫిష్ ముంచింది, అవి ఇక్కడ ఉండే ప్రశ్నే లేదు. విశాఖ ముందు జరిగిన పోరు వివరాలు స్పష్టంగా ఉన్నాయి: కాన్వాయ్‌లోని బ్రిటిష్ ఓడ అస్ఫాలియన్‌కు టార్పెడో తగిలింది, రాయల్ ఇండియన్ నేవీ ఓడ జమునా, ఆస్ట్రేలియా ఓడలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి ఎదురుదాడి చేశాయి. కాబట్టి ఈ నీళ్లలో ‘60 మీటర్ల జపాన్ పడవ’ అని తేలితే పేరు తేలినట్టే. ‘95 మీటర్ల అమెరికా కట్టుబడి’ అన్నా అంతే. మేం చేయాల్సింది తరగతి చెప్పడం వరకే. అందుకే ఈ చోటును ఎంచుకున్నాం.

3వ వారం: నమూనాలు

1:200లో ఘాజీ 475 మి.మీ. పొడవు, 41.5 మి.మీ. వెడల్పు. ఆర్‌ఓ-110 304.5 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు.

మొదట ఏటికొప్పాక బొమ్మల పద్ధతిలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి గుండ్రటి హల్ (పడవ ఒళ్లు) చేశాం. బాగా నున్నగా వచ్చింది, కానీ పనికిరాలేదు. ఆ కాలపు సబ్‌మెరైన్ పైభాగం గుండ్రం కాదు, మనుషులు నడిచే చదును డెక్కు. గుండ్రటి కర్ర నీడ అంచు పలచగా, మెత్తగా పడుతుంది. చదును డెక్కు నీడ గీత గీసినట్టు పడుతుంది. రెండోసారి కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికితో చెక్కాం. తేలిక చెక్క, చాకుతోనే డెక్కు చదును వస్తుంది. ఒక్క జాగ్రత్త: పొణికి రంధ్రాలున్న చెక్క, రంగును పీల్చేస్తుంది. ముందు చింతగింజల జిగురు, సుద్ద కలిపి రెండు పూతలు పూసి ఆరనిచ్చి, ఆ పైన మెరుపు లేని బూడిదరంగు వేయాలి. మెరిసే రంగు వేస్తే దీపం వెలుగు ఎగిరి నీడలోకి పడుతుంది.

సముద్రపు అడుగుకు 900 × 600 మి.మీ. చెక్క తొట్టి, 30 మి.మీ. మందాన జల్లించిన ఇసుక. సుమారు 25 కిలోలు పట్టింది. తడి ఉంటే గడ్డలు కడుతుంది, ఎండబెట్టి వాడాలి.

4వ వారం: నీడ లెక్క

సైడ్ స్కాన్ సోనార్‌ను ఓడ వెనక తాడుకు కట్టి ఈడుస్తారు, ఆ పరికరాన్ని టో ఫిష్ అంటారు. అది పక్కలకు ధ్వని పంపుతుంది. ఎత్తుగా ఉన్నదాని వెనక ధ్వని చేరని చోట నల్లటి నీడ పడుతుంది. చాలాసార్లు వస్తువుకన్నా నీడే ఎక్కువ చెబుతుంది. దీని లెక్క బడిలో చదివిన సరూప త్రిభుజాలే:

వస్తువు ఎత్తు = టో ఫిష్ ఎత్తు × నీడ పొడవు ÷ (వస్తువు దాకా దూరం + నీడ పొడవు)

టో ఫిష్ అడుగు నుంచి 25 మీటర్ల ఎత్తులో, శిథిలం 60 మీటర్ల దూరంలో, నీడ 19 మీటర్లు అనుకుంటే ఎత్తు 25 × 19 ÷ 79, అంటే 6 మీటర్లు. బల్ల మీద ఇదే అమరిక: దీపం 125 మి.మీ. ఎత్తున, వస్తువు 300 మి.మీ. దూరాన.

సరిచూడ్డానికి 30 మి.మీ. ఎత్తు చెక్కముక్క పెట్టాం. నీడ 94.7 మి.మీ. రావాలి, 91 వచ్చింది. లెక్క మళ్లీ చూశాం, దీపం ఎత్తు మళ్లీ కొలిచాం. చివరికి తేలింది: ముక్క ఇసుకలో ఒక మిల్లీమీటరు దిగింది. 29 మి.మీ. పెట్టి లెక్కిస్తే 90.6 వస్తుంది. ఒక మిల్లీమీటరు అంటే అసలు కొలతలో 20 సెంటీమీటర్లు. అసలు శిథిలం బురదలో మీటర్ల లెక్కన దిగుతుంది. అందువల్ల నీడ చెప్పే ఎత్తు ‘ఇప్పుడు బయట ఉన్న ఎత్తు’ మాత్రమే, డ్రాయింగులోని ఎత్తు కాదు. ‘ఎత్తు’ గుర్తును పట్టికలో కిందికి దించాం.

టో ఫిష్ ఎత్తు గురించి ఒక మాట. మరీ కిందికి దించితే నీడ పొడుగ్గా అందంగా పడుతుంది, కానీ టవర్, పెరిస్కోపులు దాని ఎత్తును మించితే నీడ అంచు చిత్రం దాటి పోతుంది, కొలవడానికి ఏమీ మిగలదు. పైగా పరికరం శిథిలానికే తగులుకుంటుంది. పోయిన వలలు శిథిలాల మీద చుట్టుకుని పైకి తేలుతూ ఉంటాయి, అవి సోనార్‌లో పలచగా కనిపిస్తాయి.

5వ వారం: దీపం చేసిన మోసం

ఆర్‌ఓ-110 నమూనాను అడ్డంగా పెట్టి, మధ్యకు ఎదురుగా ఒక్క దీపం వెలిగించి నీడ పొడవు కొలిచాం. 400 మి.మీ. వచ్చింది. అసలు కొలతలో 80 మీటర్లు. 60.9 మీటర్ల పడవ 80 మీటర్లయి కూర్చుంది.

కారణం లెక్కలోనే ఉంది. ఒక్క చోటి నుంచి వెలుగు పడితే నీడ దూరం పోయేకొద్దీ విప్పారుతుంది: దీపం నుంచి నీడ కొస దాకా 395, వస్తువు దాకా 300, కాబట్టి 395 ÷ 300 = 1.316 రెట్లు. సోనార్ అలా చూడదు. అది ముందుకు కదులుతూ, ప్రతి క్షణం తనకు లంబంగా ఉన్న సన్నటి పట్టీనే చూసి, ఆ పట్టీలను పక్కపక్కన అతికిస్తుంది. అందుకని దీపాన్ని కూడా అలాగే నడిపించాలి.

ఇలా చేశాం. 3 మి.మీ. రంధ్రం ఉన్న నల్ల అట్ట వెనక ఎల్ఈడీ. దాని ముందు 2 మి.మీ. నిలువు చీలిక ఉన్న ఇంకో అట్ట. రెండూ ఒకే చెక్క మీద బిగించి, ఆ చెక్క అల్యూమినియం పట్టాలో జారేలా పెట్టాం. గది పూర్తిగా చీకటి చేసి, పైనుంచి కెమెరా షట్టరు 30 సెకన్లు తెరిచి ఉంచి, దీపాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు సమవేగంతో జరపాలి. ఫొటోలో పట్టీలన్నీ కలిసి ఒక్క చిత్రం అవుతాయి.

మొదటి ఫొటోలో కొసలు అలికినట్టు వచ్చాయి. చీలిక దీపానికి 50 మి.మీ. దూరంలోనే ఉంది, అందువల్ల వెలుగు పట్టీ నమూనా దగ్గరకొచ్చేసరికి 27 మి.మీ. వెడల్పయింది. చీలికను 150 మి.మీ.కు జరిపితే 7 మి.మీ.కు తగ్గింది. అది అసలు కొలతలో 1.4 మీటర్లు. ఒక డిగ్రీ పుంజం ఉన్న సోనార్ 60 మీటర్ల దూరంలో చూసే పట్టీ మీటరు పైచిలుకు ఉంటుంది, కాబట్టి ఇది అసలుకు దగ్గరే. ఇప్పుడు నీడ పొడవు 307 మి.మీ.

నిజమైన సోనార్‌లో ఇదే తప్పు ఇంకో దారిన వస్తుంది: వేగం. ఓడ 4 నాట్ల వేగంతో, అంటే సెకనుకు 2.06 మీటర్లతో పోతుంటే సాఫ్ట్‌వేర్‌లో 3.5 అని ఉంటే 95 మీటర్ల పడవ 83 అవుతుంది, 60.9 మీటర్లది 53 అవుతుంది. ఓడ వేగం అలల మీద మారుతూనే ఉంటుంది, తాడు చివర ఉన్న ఫిష్ ఇంకొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది. ఒక్క దాటింపులో కొలిచిన పొడవును ‘పొడవు’ అని రాయకూడదు. కనీసం రెండు ఎదురెదురు దిశల్లో, శిథిలానికి సమాంతరంగా, రెండు పక్కలా పోయినవి ఉండాలి.

ధ్వని వేగంలో పొరపాటు అంత ప్రమాదం కాదు. వెచ్చటి నీటిలో సెకనుకు 1,540 మీటర్లు ఉండాల్సినది 1,500 అని పెట్టినా అడ్డం కొలతలో రెండున్నర శాతమే తేడా. 8.3 మీటర్ల వెడల్పులో అది 20 సెంటీమీటర్లు.

6వ వారం: రంపం

మనసొప్పక పోయినా ఘాజీ నమూనాను కోయాల్సి వచ్చింది. ఘాజీ పేలుడు అణియం వైపు జరిగింది, ఆ భాగం బాగా దెబ్బతిన్నది. మందుపాతరా, లోపలి పేలుడా, భారత నౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలా అన్న వాదన వేరు, దాంట్లోకి ఈ పట్టిక పోదు. మాకు కావాల్సింది విరిగిన పడవ ఎలా కనిపిస్తుందన్నది. అణియం నుంచి 120 మి.మీ. కోసి, ముక్కలను ఇసుకలో చెదరగొట్టాం. మిగిలిన హల్ 355 మి.మీ., అంటే 71 మీటర్లు. వేగం తప్పుతో కొలిస్తే 62. ఆర్‌ఓ-110 పొడవు 60.9!

అసలు ఉచ్చు ఇంకా ముందుంది. విరగని కొసన నాలుగు టార్పెడో గొట్టాల మూతలు కనిపించాయనుకుందాం. ‘నాలుగు గొట్టాలు, 62 మీటర్లు, ఇది జపాన్ పడవ’ అని రాసేయడానికి ఎంతసేపు పడుతుంది? ఘాజీ అమరంలోనూ నాలుగే గొట్టాలు, ఆర్‌ఓ-110 అణియంలోనూ నాలుగే. లెక్క ఒకటే, కొస వేరు. కాబట్టి గొట్టాలు లెక్కపెట్టే ముందు అది ఏ కొసో తేల్చాలి. ప్రొపెల్లర్ షాఫ్టులు, చుక్కాని ఉన్న కొసలోనే గొట్టాలు కూడా ఉంటే ఘాజీ. ప్రొపెల్లర్లున్న కొసన గొట్టాలు లేకపోతే ఆర్‌ఓ-110. ప్రొపెల్లర్ల సంఖ్య మాత్రం సాయం చేయదు, రెండింటికీ రెండేసి. (కురుసురకు మూడు, దాన్ని చూసి అలవాటైన కంటికి ఇది గుర్తుండాలి.)

ఆపై రెండు కొలతలు విరిగినా తట్టుకున్నాయి. ఒకటి, వెడల్పు: 8.3, 6. పైనుంచి చూసే మల్టీబీమ్ సోనార్‌తో కొలవాలి, సైడ్ స్కాన్‌లో అవతలి పక్క నీడలో పోతుంది. ఒక డిగ్రీ పుంజం 60 మీటర్ల లోతులో అడుగున మీటరు వెడల్పున పడుతుంది, 2.3 మీటర్ల తేడాను అది పట్టగలదు. హల్ సగానికి మించి బురదలో ఉంటే వెడల్పు తగ్గి కనిపిస్తుంది, ఆ సంగతి పక్కన రాయాలి. రెండు, అమరం కొస నుంచి టవర్ దాకా దూరం. ఈ కొలతను ఒక్కో పడవ డ్రాయింగులోంచే తీసుకోవాలి. అణియం పోయినా ఈ దూరం పోదు.

7వ వారం: మాగ్నెటోమీటర్ గడి తీసివేత

ఇనుము బరువు చెబుతుందని, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్‌కు గడి పెట్టాం. స్థూల సూత్రం ప్రకారం ఒక టన్ను ఇనుము 10 మీటర్ల దూరంలో సుమారు 10 నానోటెస్లా తేడా చూపిస్తుంది, దూరం రెట్టింపయితే అది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 1,500 టన్నులు 50 మీటర్ల దూరంలో 120. 500 టన్నులు 35 మీటర్ల దూరంలో 117. పదిహేను మీటర్ల దూరం తేడాతో చిన్న పడవ పెద్దదైపోతోంది. హల్‌కు కట్టుబడి నాటి నుంచి ఉన్న అయస్కాంతత్వం వేరే. ఇసుక కింద ఇనుము ఉందా లేదా తెలుసుకోవడానికి ఇది మంచి పరికరం. ఏ పడవో చెప్పదు. గడి తీసేశాం.

8వ వారం: ఇప్పటికి పట్టిక

వరుస ఇలా స్థిరపడింది. ప్రొపెల్లర్లున్న కొస ఏది, అక్కడ గొట్టాల మూతలున్నాయా. మల్టీబీమ్ వెడల్పు. అమరం నుంచి టవర్ దూరం. టవర్ మునిగిన నాటి రూపం: నున్నటి తొడుగా, తెరిచిన వంతెనా. ఆఖర్న మొత్తం పొడవు, అదీ రెండు కొసలూ చెదరకుండా ఉంటేనే.

కెమెరా చిత్రాలు వస్తే చూడాల్సింది వేరే గడిలో ఉంది: తెరుచుకున్న చోట్ల కనిపించే లోహపు పలకల మీద రాతలు ఇంగ్లీషా, జపనీసా. చేత్తో తుడవకూడదు, పలక తియ్యకూడదు. అమెరికాలో న్యూజెర్సీ తీరాన 1991లో దొరికిన జర్మన్ సబ్‌మెరైన్ యు-869 దగ్గర ఒక నావికుడి పేరు చెక్కిన కత్తి దొరికినా కేసు తేలలేదు, ఎందుకంటే ఆ పడవ జిబ్రాల్టర్ దగ్గర మునిగిందని రికార్డులు చెప్పాయి. 1997లో విడిభాగాల పెట్టె మీది పలకపై పడవ సంఖ్య చదివాకే పేరు ఖాయమైంది. ఆ మధ్యలో దానిపై దిగిన డైవర్లలో ముగ్గురు చనిపోయారు. ఆ దారి ఈ పట్టికలో ఎప్పటికీ ఉండదు.

వచ్చే వారానికి మిగిలిన పని: రెండు నమూనాలనూ పక్కకు 30 డిగ్రీలు ఒరిగించి మళ్లీ ఫొటోలు తీయాలి. శిథిలం నిటారుగా కూర్చుంటుందన్న నమ్మకం లేదు, ఒరిగితే టవర్ నీడ హల్ నీడలో కలిసిపోతుంది. కోసిన అణియం ముక్కను అతికించకుండా అలాగే ఉంచుతున్నాం.